కుడి పక్క గోల్

నల్లపాడు స్టేషన్ దాటి రెండు సందులు తిరిగితే హయాత్ పరుపుల కొట్టు వస్తుంది. పేరు రాసిన బోర్డంటూ ఏమీ ఉండదు. గుమ్మం పక్కన నల్లబోర్డు ఒకటుంటుంది, బడివాళ్ళు పారేస్తే తెచ్చుకున్నది. పరుపుల రేట్లు రాసుంటాయేమోనని మీరు దగ్గరికెళ్ళి చదివితే మీ ఖర్మ. మొన్న మంగళవారం దాని మీద ఇలా ఉంది:

"అయిపోయిన ఆట: రూర్కెలా 4, మన గంగిరెద్దులు 1. నాలుగూ కుడి పక్కే. గోలీగారు కుడిచెయ్యి ఇంటి దగ్గర మర్చిపోయి వెళ్ళారు. రాబోయే ఆట: ఆదివారం సాయంత్రం ఆరింటికి, జలంధర్‌తో. గెలిస్తే సెమీస్. గెలవరు."

గంగిరెద్దులంటే కోస్టల్ బుల్స్ అనే హాకీ జట్టు. చొక్కాల మీద ఒంగోలు గిత్త బొమ్మ ఉంటుంది, కొమ్ములూ మూపురమూ అన్నీ బానే ఉంటాయి. మైదానంలోకి దిగితే మాత్రం ఎవడు తోలితే అటు తలూపుకుంటూ పోతారని హయాత్ వాళ్ళకా పేరు పెట్టాడు. లీగు మొదలైన దగ్గర్నుంచీ ఒక్క ఆట వదిలిపెట్టలేదు. ప్రతి ఆటా చూస్తాడు, చూస్తూ తిడతాడు, తిట్టింది చాలక పొద్దున్నే లేచి బోర్డు మీద రాస్తాడు. ఇంత పగ పెట్టుకున్నవాడు చూడ్డం మానెయ్యొచ్చు కదా అంటారేమో. ఆ మాట వాళ్ళావిడ జహీరున్నీసా అడిగి రెండేళ్ళయింది, ఇంకా జవాబు రాలేదు.

జవాబు ఊరందరికీ తెలుసు. ఆ జట్టు గోల్‌కీపర్, అంటే గోలీ, షఫీక్ హయాత్‌కి స్వయానా మేనల్లుడు. పర్చూరులో ఉండే చెల్లెలు నసీమున్నీసా కొడుకు. ఎనిమిదో తరగతి నుంచీ ఆరేళ్ళు ఈ కొట్టు వెనక ఇంట్లోనే పెరిగాడు. వాడికి గోలీ ఆట నేర్పింది హయాతే. వయసులో ఉన్నప్పుడు హయాత్ గుంటూరు జిల్లా జట్టుకి గోలీ. ప్యాడ్లు కొనిచ్చే దిక్కు లేక, దూది కూరి తనే కుట్టుకుని కట్టుకున్నాడు. రెండు ఆటలకే అవి బొంతల్లా సాగిపోయాయట. మోకాలు చెడిపోయాక ఆట పోయింది, దూది మిగిలింది. తాతల నాటి నుంచీ దూదేకే ఇల్లు మరి. ఆ పోయిన ఆటంతా మేనల్లుడిలో పోశాడు పాపం.

అలాంటిది, రెండేళ్ళ కిందట షఫీక్‌ని బుల్స్ జట్టులోకి తీసుకున్నప్పుడు టీవీలో మాట్లాడిస్తున్నారని తెలిసి, హయాత్ సందులో వాళ్ళందర్నీ కొట్టు ముందు కూర్చోబెట్టాడు. కొత్త పరుపు విప్పి పరిచాడు. టీ తెప్పించాడు. టీవీ వాళ్ళు అడిగారు: "షఫీక్, మీకు ఈ ఆట ఎవరు నేర్పారు?" వాడు ఒక్క క్షణం కిందికి చూసి, "ఎవరూ లేరండీ, నా అంతట నేనే నేర్చుకున్నా" అన్నాడు.

అంతే. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయారు. ప్రత్తిపాడు నుంచి దూది అమ్ముకోవడానికి వచ్చి ఆ పరుపు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్న యలమందయ్య మాత్రం గట్టిగా నవ్వాడు. "ఏందిరా హయాతూ, ఆరేళ్ళు నువ్వు నేర్పింది మరి కుట్టుపనా?" అన్నాడు.

ఆ నవ్వు హయాత్ ఇంకా మర్చిపోలేదు. ఆ రోజు నుంచీ చెల్లెలితో మాటల్లేవు, మేనల్లుడి ఫోను ఎత్తలేదు. వాడు పండక్కి బట్టలు పంపిస్తే విప్పకుండా తిప్పి పంపించాడు. హయాత్‌కి కావలసింది ఒక్కటే. ఆ టీవీలో, ఆ నోటితో, తన పేరు రావాలి. "మా మావయ్య హయాత్ నేర్పాడు" అనాలి. అంత వరకూ వాణ్ణీ, వాడి జట్టునీ, ఆ జట్టు కోచ్‌నీ, అవసరమైతే ఆ చొక్కా మీది గిత్తనీ వదిలేది లేదు.

ఈ యేడు తిట్టడానికి సరుకు కూడా బాగా దొరికింది. కొట్టు లోపలి గోడ మీద హయాత్ గోల్స్‌కి గీతలు గీస్తాడు, ఎడమ పక్క పడినవి ఒక వరస, కుడి పక్క పడినవి ఇంకో వరస. తొమ్మిది ఆటల్లో షఫీక్ వదిలిన గోల్స్ పంతొమ్మిది. ఎడమ వరసలో ఐదు, కుడి వరసలో పద్నాలుగు. ఎడమ పక్క వాణ్ణి దాటి బంతి పంపించడం ఎవడి తరమూ కాదు. పెనాల్టీ కార్నర్‌లో బంతి తూటాలా వచ్చినా సరే గాలిలో తేలి చేత్తో కొట్టేస్తాడు. కుడి పక్కకి వస్తే మాత్రం కాలు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడి, పోయాక వెనక్కి తిరిగి చూస్తాడు. ఈ సంగతి రూర్కెలా వాళ్ళు కనిపెట్టారు, మైసూరు వాళ్ళు కనిపెట్టారు. ఆదివారం జలంధర్ వాళ్ళు ఊరుకుంటారా?

"కుడికి పడటానికి ఏం రోగం వాడికి?" అని మంగళవారం యలమందయ్య అడిగాడు. వచ్చిన పని పాత పరుపు ఏకించుకోవడం. మిరపకాయల బస్తాల పక్కన పడుకుని పడుకుని దూది గడ్డకట్టిందని తెచ్చాడు. దాన్ని దులిపితే కొట్లో అందరికీ తుమ్ములే తుమ్ములు.

"రోగం కాదు, బలుపు," అన్నాడు హయాత్ ముక్కు తుడుచుకుంటూ. "టీవీలో బొమ్మ పడగానే ఒళ్ళు వంగట్లా. నా దగ్గరున్నప్పుడు అట్టా నిలబడితే వీపు చీరేసేవాణ్ణి."

"నీ దగ్గర ఎప్పుడున్నాడ్రా? వాడంతట వాడే నేర్చుకున్నాడు కదా!"

"నోరుముయ్యరా ముసలోడా! నీ పరుపు ఏకేది లేదు, తీసుకుపో!"

తీసుకుపోలేదు లెండి. వీళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళుగా ఇంతే. యలమందయ్యకి పత్తి అమ్మడానికి గుంటూరులో వంద కొట్లున్నాయి, తిట్లు తినడానికి మాత్రం ఇదొక్కటే ఉంది.

ఆ సాయంత్రం పక్క సందులో ఉండే భవ్య వచ్చి బోర్డుకి ఫొటో తీసింది. కాలేజీ జట్టులో హాకీ ఆడిన పిల్ల, బుల్స్ అభిమానులకని ఫోనులో ఒక పేజీ నడుపుతోంది. హయాత్ రాసిందల్లా వారం వారం అందులో పెడుతుంది. ఈసారి కుడిచెయ్యి మర్చిపోయాడన్న మాట జనానికి తెగ నచ్చేసింది. బుధవారానికల్లా వేలమంది చూశారు. గోలీని మార్చెయ్యండని కొందరు, వాణ్ణి పర్చూరు పంపించి పొగాకు కట్టలు కట్టించండని కొందరు, వాళ్ళమ్మని కూడా వదలకుండా ఇంకొందరు రాశారు.

ఆ అమ్మ గురువారం మధ్యాహ్నం బస్సు దిగింది.

నసీమున్నీసా రెండేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కడం. వదిన ఇచ్చిన మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. చేతి సంచీ కింద పెట్టి, నల్లబోర్డు పైనుంచి కిందిదాకా చదివి, కొంగుతో ఒక్క తుడుపు తుడిచేసింది.

"నా బోర్డు ముట్టుకోడానికి నువ్వెవరు?" అని లేచాడు హయాత్.

"వాడి తల్లిని. నీ తోడబుట్టినదాన్ని. వాణ్ణి ఊరూరా నవ్వులపాలు చేస్తన్నావే, నీకు సిగ్గనిపించట్లా అన్నయ్యా?"

"నన్ను నవ్వులపాలు చేసింది ఎవరు? నీ కొడుకు కాదూ? ఆరేళ్ళు అన్నం పెట్టా. ఈ మోకాలితో వంగి వాడికి బంతులేశా. నా పేరు చెప్పడానికి నోరు రాలేదు వెధవకి!"

"చెప్పలేక కాదు, చెప్పకూడదని చెప్పలా!" అని అరిచింది నసీమున్నీసా. ఆ అరుపుకి, తన పరుపు కోసం మళ్ళీ వచ్చి పెరట్లో దూదేకే మిషను దగ్గరున్న యలమందయ్య కూడా తొంగిచూశాడు. "వినాలని ఉంటే విను. ఆ టీవీ వాళ్ళు అడగడానికి ముందు వారం, క్యాంపులో కోచ్ వీడి ఆట తెర మీద వేశాడంట. అందరి ముందూ, 'ఒక పక్కకే పడే గోలీని నా జన్మలో చూళ్ళేదు, ఎవడ్రా నీకు ఇట్టా సగం ఆట నేర్పిన సన్నాసి, పేరు చెప్పు' అని అడిగాడంట. వీడు చెప్పలా. చెప్తే నీ పేరు ఆ నోళ్ళలో పడి నానుద్దని, 'ఎవరూ నేర్పలేదు సార్, నేనే నేర్చుకున్నా' అన్నాడు. టీవీలోనూ అదే మాట మీద నిలబడ్డాడు. నాకు కూడా మొన్నటిదాకా చెప్పలా. ఈ బోర్డు చూసి నేను ఏడిస్తే చెప్పాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు కూడా. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి వచ్చా."

హయాత్ మొహం కందగడ్డ అయింది. నమ్మితే ఏమైపోతాడో తెలుసు కాబట్టి నమ్మలేదు.

"సగం ఆటా? నేను నేర్పింది సగం ఆటా? జిల్లాకి ఆడినవాణ్ణి! ఆ కోచ్‌గాణ్ణి రమ్మను ఇక్కడికి. రా, నువ్వే చూద్దువుగాని రా!"

చెల్లెలి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాడు. అక్కడ గోడ మీద తారుతో గీసిన గోల్ ఇంకా అలాగే ఉంది. పన్నెండడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, అంగుళం తేడా లేదు. టేపు పెట్టి కొలిచి గీశాడు. గోడకి వీపు పెట్టి నిలబడితే ఎడమ పక్కంతా ఖాళీ. ఏకించుకోవడానికి జనం తెచ్చి పడేసే పాత పరుపులన్నీ అటే పరిచేవాడు, పిల్లాడు పడితే దెబ్బ తగలకుండా. గుంటూరులో సగం ఇళ్ళ పరుపుల మీద షఫీక్ ఆ రోజుల్లో పడ్డాడు. కుడి పక్కన సిమెంటు దిమ్మ మీద దూదేకే మిషను. పెరడు ఇరుకు కదా, తారు గీత మీదికి ఒకటిన్నర అడుగు జరిగి ఉంటుంది. ఆ పూట అది గడగడా తిరుగుతోంది, యలమందయ్య పరుపు దూది అందులో పడి తెల్లగా లేస్తోంది.

"ఏరా యలమందా, అక్కడ నిలబడు! గోల్ మధ్యలో!"

"నేనా? నాకెందుకురా ఈ వయసులో?"

"నిలబడవయ్యా! అరవై ఐదేళ్ళ ముసలోడైనా కుడికి వంగగలడా లేడా, మా చెల్లి చూస్తుంది. వంగనిది వాడి బలుపా, నా తప్పా, ఇక్కడే తేలిపోద్ది."

యలమందయ్య పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు. ఇలాంటి వేడుకలంటే అతగాడికి ప్రాణం. హయాత్ దూది ఉండ చుట్టి ఎడమకి విసిరాడు. ముసలాయన హుషారుగా పరుపుల మీదికి వాలి పట్టుకుని, "చూశావా నా ఆట!" అని అరిచాడు కూడా. రెండో ఉండ కుడికి విసిరాడు. యలమందయ్య కదల్లేదు. ఉండ చెవి పక్క నుంచి పోయి గోడకి తగిలి కింద పడింది.

"వంగవేం?" అన్నాడు హయాత్.

"ఎట్టా వంగుతానురా బుద్ధిలేనోడా? మిషను తిరుగుతోందిగా! బెల్టులో పంచె పడితే నన్ను కూడా ఏకి దిండులో కుక్కుతావా?"

యలమందయ్య అది వేళాకోళానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నసీమున్నీసా అన్న మొహంలోకి చూస్తూ నిలబడింది.

హయాత్‌కి ఆ రోజు గుర్తొచ్చింది. అప్పటికి షఫీక్‌కి పదిహేనేళ్ళు. బడి నుంచి వచ్చి గోల్‌లో నిలబడ్డాడు. పెళ్ళివారి పరుపులు పన్నెండు ఇవ్వాలి, కరెంటు ఉన్నప్పుడే ఏకుకోవాలి, అందుకని జహీరున్నీసా మిషనులో దూది పెడుతూనే ఉంది. హయాత్ వేసిన బంతి ఒకటి గురి తప్పి కుడికి పోయింది. పిల్లాడు ఎగిరి అటే పడ్డాడు. చొక్కా చెయ్యి బెల్టులో పడి భుజం దాకా చిరిగి పోయింది. చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది. హయాత్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ భయంలో, పరుపులు కొట్టే కర్ర తీసుకుని వాణ్ణి కాళ్ళ మీద వాతలు తేలేట్టు కొట్టాడు. "ఇంకోసారి అటు పడ్డావో చంపి పాతరేస్తా! అటు పోతే పోనీ బంతి! పోనీ!" అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు అటు ఒక్క బంతీ వెయ్యలేదు. మేనమామ మాటంటే ఎంత భయమో, వాడు ఈనాటికీ అటు పడటం లేదు. గోడ మీద పద్నాలుగు గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు కానీ, ఆ గీతలన్నీ తన కర్రతో గీసినవేనని హయాత్‌కి ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఆపెయ్," అన్నాడు యలమందయ్యతో.

"ఏంటి?"

"మిషను ఆపెయ్యరా!"

ఆ రోజు అన్నం తినలేదు. నసీమున్నీసా సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. హయాత్ తలెత్తలేదు. క్షమించమని అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు, అతనికి అసలే లేదు. శుక్రవారం పొద్దున మాత్రం బోర్డు మీద అక్షరాలు పడ్డాయి:

"అయిపోయిన ఆటలు: తొమ్మిది. కుడి పక్క పోయిన గోల్స్: పద్నాలుగు. షఫీక్‌కి ఆట నేర్పింది వాడి మేనమామ హయాత్, అనగా నేను. కుడి పక్క నేర్పనిది నేనే. అటు పడితే కొట్టింది నేనే. తిట్టేవాళ్ళు నల్లపాడు వచ్చి నన్ను తిట్టండి. రాబోయే ఆట: ఆదివారం, జలంధర్‌తో."

గెలుస్తారనీ రాయలేదు, గెలవరనీ రాయలేదు. భవ్యని పిలిచి, "ఇది కూడా పెట్టు. అది చూసినవాళ్ళందరూ ఇది చూడాలి," అన్నాడు. చూశారు. చూసినవాళ్ళు ఊరుకున్నారా? సన్నాసి మావయ్య అన్నారు, దూదేకేవాడికి హాకీ ఎందుకన్నారు, ఇద్దర్నీ కలిపి పరుపులో పెట్టి కుట్టెయ్యండన్నారు. అన్నీ భవ్య చేత చదివించుకుని విన్నాడు. రెండేళ్ళుగా తన పేరు ఎవరూ అనలేదని ఏడ్చినవాడికి ఇప్పుడు వేలమంది నోట్లో అదే పేరు.

ఆదివారం ఆరింటికి టీవీ పెట్టారు. రాకూడదని అనుకుంటూనే సందంతా వచ్చింది. బుల్స్ గోల్ కొట్టారు, జలంధర్ వాళ్ళు ఒకటి కొట్టారు, బుల్స్ ఇంకోటి కొట్టారు. ఇంక నాలుగు నిమిషాలుందనగా జలంధర్‌కి పెనాల్టీ కార్నర్ వచ్చింది. ఎటు కొడతారో గోడ మీది గీతలకి కూడా తెలుసు. హయాత్ లేచి నిలబడి, "అటు పడరా," అన్నాడు చిన్నగా. తర్వాత కొట్టు అదిరేట్టు, "అటు పడరా వెధవా, ఏం కాదు! అక్కడేం లేదు!" అని అరిచాడు.

షఫీక్ పడ్డాడు. ఆలస్యంగా పడ్డాడు, కొత్తగా ఈత నేర్చుకునేవాడిలా పడ్డాడు, కానీ కుడికే పడ్డాడు. బంతి కర్ర చివర తగిలి, పైకి లేచి, లోపల పడింది. రెండూ రెండూ. ఆట అలాగే ముగిసింది, సెమీస్ పోయింది. మైదానంలో జనం ఈలలు వేసి, తమ గోలీనే ఛీకొట్టారు.

తల మీది హెల్మెట్ తీస్తున్న షఫీక్ దగ్గరికి టీవీ అమ్మాయి మైకు తీసుకెళ్ళింది. "గుంటూరులో హయాత్ అనే ఆయన, మీకు ఆట తప్పుగా నేర్పింది తనేనని బోర్డు మీద రాశారట. నిజమేనా? ఆయన మీ మావయ్యేనా?"

చెమట కారుతున్న ఆ మొహం టీవీ నిండా ఉంది. ఒక్క క్షణం కిందికి చూశాడు, రెండేళ్ళ కిందట చూసినట్టే.

"మావయ్యేనండీ. కానీ ఆయన నేర్పలేదు. ఆయనకి హాకీ రాదు, పరుపులు కుట్టుకుంటారు. ఏదో నా మీద ప్రేమ కొద్దీ రాసుంటారు. ఈ తప్పు నాదే, నా అంతట నేనే నేర్చుకున్నా."

యలమందయ్య తిరిగి చూశాడు. నవ్వలేదు.

"అబద్ధాలకోరు!" అని టీవీ మీదికి లేచాడు హయాత్. "దొంగవెధవ! నాకు హాకీ రాదంట! జిల్లాకి ఆడినవాణ్ణి పట్టుకుని, ఊరంతా చూస్తుంటే, హాకీ రాదంట! ఎదవ నా కొడుకు..." తిట్లు చాలినన్ని దొరకలేదు. పైపంచెతో మొహం తుడుచుకున్నాడు, దూది నూగు కళ్ళలో పడిందని జహీరున్నీసాతో అన్నాడు. ఆవిడ అవునంది.

కాసేపటికి పెరట్లోంచి ఇనుము మీద సమ్మెట దెబ్బలు వినపడ్డాయి. వెళ్ళి చూస్తే హయాత్ మోకాళ్ళ మీద కూర్చుని దిమ్మలో దిగిన బోల్టులు ఊడగొడుతున్నాడు.

"ఏంట్రా ఇది? ఇరవై ఏళ్ళ నుంచీ ఉన్న మిషను! ఎక్కడ పెడతావ్?" అన్నాడు యలమందయ్య.

"వీధిలో పెడతా. నీ నెత్తిన పెడతా. నీకెందుకు?" అన్నాడు హయాత్. "లీగు అయిపోయింది. బుధవారానికి వాడు ఇంటికొస్తాడు. వాగింది చాలు, ఆ చివర పట్టుకో."